రాకెట్లు హంట్స్‌విల్‌లో, బాకీలు కోల్బర్ట్ కౌంటీలో

అమెరికన్ రాక్ బృందం డ్రైవ్-బై ట్రక్కర్స్ పాడిన ‘పుటింగ్ పీపుల్ ఆన్ ద మూన్’ పాటలో తన కథ చెప్పుకునే మనిషికి పేరు లేదు. భార్య పేరు మేరీ ఆలిస్ అని మాత్రం తెలుస్తుంది. కొడుకు పుట్టాడు, అచ్చం తండ్రి పోలికే. ఇద్దరూ ఒక సోమవారం నాడు పెళ్లి చేసుకున్నారు. ఆనాటి నుంచి అతను ఫోర్డ్ ఫ్యాక్టరీలో పనికి పోతూనే ఉన్నాడు. ఇప్పుడు దాన్ని మూసేస్తున్నారట. వైట్‌హౌస్‌లో రీగన్ ఉన్నాడు, తమ గోడు పట్టించుకునేవాడు మాత్రం అక్కడ ఎవడూ లేడు. ఇల్లు గడవాలి కాబట్టి పాత పరిచయస్థుడి తరఫున దొంగచాటు నంబర్లాట నడిపాడు, కాస్త మత్తుమందు అమ్మాడు. మేడలు కట్టిందేమీ లేదు, పూట గడవడం కంటే కొంచెం నయం, అంతే. తర్వాత మేరీ ఆలిస్‌కి క్యాన్సర్ వచ్చింది. ఆ చుట్టుపక్కల ఏటా తెలిసినవాళ్లలో ఎవరో ఒకరికి వస్తూనే ఉంటుంది. పదేళ్లుగా ఉద్యోగం లేదు, కాబట్టి బీమా లేదు, కాబట్టి కీమో లేదు. పాట చివరికి వచ్చేసరికి ఆమె మట్టిలో ఉంది, అతను వాల్‌మార్ట్‌లో పని చేస్తున్నాడు. మాటిమాటికీ అతని చూపు ఒకే వైపు పోతుంది: అక్కడ, నాసా రాకెట్ల ఊరు హంట్స్‌విల్‌లో మనుషుల్ని చంద్రుడి మీదికి పంపుతున్నారు. తాను అలబామాలోని ఈ కోల్బర్ట్ కౌంటీలో చచ్చిపోతే సాయంత్రం వార్తల్లోనైనా చెబుతారా అని అడుగుతాడు.

డ్రైవ్-బై ట్రక్కర్స్ బృందం 2004 ఆగస్టు 24న విడుదల చేసిన ‘ది డర్టీ సౌత్’ ఆల్బమ్‌లో ఇది నాలుగో పాట. మొత్తం 14 పాటలు, దాదాపు 70 నిమిషాలు. రాసి పాడినవాళ్లు ముగ్గురు: ప్యాటర్సన్ హుడ్, మైక్ కూలీ, అప్పటికి పాతికేళ్ల వయసున్న జేసన్ ఇస్బెల్. ముగ్గురిదీ అలబామా ఉత్తర భాగంలో టెన్నెసీ నది ఒడ్డున ఉన్న షోల్స్ ప్రాంతమే. బృందం పుట్టింది 1996లో, జార్జియాలోని ఏథెన్స్‌లో. ఈ ఆల్బమ్‌ను మాత్రం చాలావరకు సొంతగడ్డ మీద, మజిల్ షోల్స్‌లోని ఫేమ్ స్టూడియోలో రికార్డు చేశారు.

ఇలాంటి సంగీతాన్ని ఆల్టర్నేటివ్ కంట్రీ అంటారు, పొట్టిగా ఆల్ట్-కంట్రీ. అమెరికాలో కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ కంపెనీలు నున్నగా చెక్కి రేడియోకి పంపే కంట్రీ పాటలు నచ్చక, రాక్, పంక్ వింటూ పెరిగిన కుర్రాళ్లు పాత పల్లెపాటల దగ్గరికి తిరిగి వెళ్లడంతో ఈ బాట మొదలైంది. ఇల్లినాయ్‌లోని బెల్‌విల్ అనే చిన్న ఊరి నుంచి వచ్చిన అంకుల్ టుపెలో బృందం 1990లో తెచ్చిన ‘నో డిప్రెషన్’ను ఈ బాటకు తొలి మైలురాయిగా చెబుతారు. ఆ పేరు కార్టర్ ఫ్యామిలీ 1936లో, మహా మాంద్యం రోజుల్లో రికార్డు చేసిన ఒక భక్తిపాటది. స్వర్గంలో మాంద్యం ఉండదని అందులో చెప్పుకున్న ఊరట. 1995లో మొదలైన ఒక పత్రిక కూడా అదే పేరు పెట్టుకుంది. చేతిలో పని లేకపోవడం, చీకటి పడితే సీసా పట్టుకోవడం, ఫ్యాక్టరీ సైరన్... ఈ సంగీతానికి ఇవి పుట్టుకతోనే వచ్చిన వస్తువులు.

కాబట్టి కష్టాల గురించి పాడటం వల్ల ‘ది డర్టీ సౌత్’కు ప్రత్యేకత రాలేదు. మన దగ్గర శ్రమజీవుల పాట అనగానే ‘మనం’ అంటూ నలుగురూ గొంతు కలిపే పాట గుర్తొస్తుంది. ఇక్కడ ‘మనం’ దాదాపు వినపడదు. ఒక్కో పాటలో ఒక్కో మనిషి ముందుకొచ్చి ‘నేను’ అంటాడు. అతను మంచివాడని ఎవరూ హామీ ఇవ్వరు. నాటుసారా కాసేవాడు, హంతకుడు, మత్తుమందు అమ్మేవాడు, కొండమీంచి దూకుదామా అని ఆలోచించేవాడు. వాళ్లందరి మాటల్లోనూ కిరాణా కొట్టు పద్దులాంటిది ఒకటి నడుస్తుంటుంది: ఖర్చు పెట్టిందెవరు, అది ఎవరి ఖాతాలో పడింది? ఈ ఆల్బమ్ బలమంతా ఆ ప్రశ్నను ఎక్కడా విడిచిపెట్టకపోవడంలో ఉంది.

ఆ ప్రశ్న షోల్స్‌లోనే ఎందుకు ఇంత పదునుగా లేచిందో తెలియాలంటే ఆ ఊళ్ల చరిత్ర చూడాలి. ఫ్లోరెన్స్, షెఫీల్డ్, టస్కంబియా, మజిల్ షోల్స్ అనే నాలుగు ఊళ్ల గుంపు అది. మొదటి ప్రపంచయుద్ధంలో పేలుడు పదార్థాలకు నైట్రేట్లు, వాటి తయారీకి కరెంటు కావాలని ప్రభుత్వం 1918లో అక్కడ విల్సన్ ఆనకట్ట మొదలుపెట్టింది. అది పూర్తయ్యేసరికి యుద్ధం ఎప్పుడో ముగిసిపోయింది. 1921లో హెన్రీ ఫోర్డ్ వచ్చి ఆ కట్టడమంతా తనకు అమ్మితే నది పొడవునా 75 మైళ్ల మహానగరం లేపుతానన్నాడు. ఆ మాట నమ్మి జనం ఎగబడి స్థలాలు కొన్నారు. సెనేటర్ జార్జ్ నోరిస్ గట్టిగా అడ్డుపడ్డాడు, ఫోర్డ్ వెనక్కి తగ్గాడు, నగరం రాలేదు. 1933లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం ఆ నది మీద ఆనకట్టలు, కరెంటు చూసుకునే టెన్నెసీ వ్యాలీ అథారిటీ అనే ప్రభుత్వ సంస్థను స్థాపించింది. స్థానికుల నోట అది టీవీఏ. కరెంటు వచ్చింది, దాని వెంట అల్యూమినియం పరిశ్రమ వచ్చింది, చాలా ఏళ్ల తర్వాత ఫోర్డ్ కంపెనీ షెఫీల్డ్‌లో నిజంగానే ఒక ప్లాంటు పెట్టింది. 1980ల మొదట్లో దాన్ని మూసేసింది. పాటలో ఆ పేరులేని మనిషి పని పోగొట్టుకున్నది ఇలాంటి చోటే. పెద్ద పెద్ద వాగ్దానాలు దిగి, కొన్నాళ్లు ఉండి, లేచిపోయే ఊరు అది.

హంట్స్‌విల్ అక్కడికి తూర్పున వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం. నాసా 1960లో అక్కడ మార్షల్ అంతరిక్ష కేంద్రం నెలకొల్పింది. వెర్నర్ ఫాన్ బ్రౌన్ నాయకత్వంలో, మనుషుల్ని చంద్రుడి వైపు మోసుకెళ్లిన సాటర్న్-5 రాకెట్ రూపుదిద్దుకున్నది అక్కడే. ఇక్కడ పాటలో ఒక చిక్కు ఉంది. చంద్రుడి మీద మనిషి చివరిసారి దిగింది 1972లో. రీగన్ అధ్యక్షుడైంది 1981లో. అంటే ఫోర్డ్ ఫ్యాక్టరీ మూతపడేనాటికి హంట్స్‌విల్ నుంచి చంద్రుడి మీదికి ఎవరూ పోవడం లేదు. దీన్ని హుడ్ చేసిన పొరపాటు అనుకోనక్కర్లేదు. ఆ మనిషి కసికి క్యాలెండర్ పట్టింపు లేదు, అంతే. చిన్నప్పుడు టీవీలో చూసిన రాకెట్ అతనికి ఇంకా ఎగురుతూనే ఉంది, ఎందుకంటే ఆ తర్వాత ప్రభుత్వం అతని వైపు కన్నెత్తి చూసిన గుర్తు ఇంకొకటి లేదు. చివరికి హంట్స్‌విల్‌లో నాసా కూడా మూతపడిందని చెబుతాడు. అదీ నిజం కాదు, మార్షల్ కేంద్రం ఈనాటికీ నడుస్తోంది. కానీ తనకు జరిగింది అవతలివాడికీ జరిగిందనుకుంటే కలిగే చేదు ఊరట ఆ మాటలో ఉంది. హుడ్ ఈ పాటను దాదాపు మామూలు మాటల్లా మొదలుపెట్టి, పోనుపోను గొంతు చీలిపోయేదాకా లాగుతాడు. పాటలో ఓదార్పు అనేదే ఉండదు. టీవీలో బోధకుడు నీకింకా సమయం మించిపోలేదంటే, వాడు కాడిలాక్ లాంటి ఖరీదైన కారులో తిరుగుతుంటాడులే అని కొట్టిపారేస్తాడు.

ఆ కాడిలాక్ మరుసటి పాటలోనే నిజం కారుగా ఎదురవుతుంది. ఒకదాని వెంట ఒకటి వినేవాళ్లకు అది వెంటనే తగులుతుంది. మైక్ కూలీ రాసిన ‘కార్ల్ పెర్కిన్స్ కాడిలాక్’ సన్ రికార్డ్స్ అధిపతి శామ్ ఫిలిప్స్ కథ. తన గాయకుల్లో లక్షల్లో అమ్ముడై బంగారు రికార్డు ముందు సాధించినవాడికి కొత్త కాడిలాక్ ఇస్తానని ఆయన మాటిచ్చాడట. 1956లో ‘బ్లూ స్వీడ్ షూస్’తో పెర్కిన్స్ అది గెలుచుకున్నాడు. పెర్కిన్స్ టెన్నెసీలో కౌలు రైతుల బిడ్డ, పత్తి చేలల్లో పెరిగినవాడు. ఆ కారు అతనికి ఎంతటిదో ఊహించుకోవచ్చు. పాట ఫిలిప్స్‌ను మెచ్చుకుంటుంది: నాష్‌విల్ వాళ్లు బంగారు పూత వేసిన బొమ్మలు ఆశపెడతారు, ఫిలిప్స్ మాత్రం ఇస్తానన్నది ఇచ్చాడు. అయితే ఆ కారు ఖర్చును తన రాయల్టీల్లోంచే కోసుకున్నారని పెర్కిన్స్ తర్వాతి రోజుల్లో చెప్పుకున్నాడు. పాట ఆ సంగతి ఎత్తదు. ఫిలిప్స్ పుట్టింది ఫ్లోరెన్స్ దగ్గరే. షోల్స్ కుర్రాడైన మైక్ కూలీకి ఊరి పెద్దమనిషి మీద ఉన్న అభిమానం ఇక్కడ పద్దును సగంలో ఆపేసింది. పాట బాణీ మాత్రం ఆల్బమ్ మొత్తంలో అతి హాయిగా సాగేది. కారు కిటికీలోంచి మొహానికి కొట్టే గాలి ఆ గిటార్లలో వినిపిస్తుంది.

మైక్ కూలీ రాతలో అసలు పదును మొదటి పాటలో ఉంది. ‘వేర్ ద డెవిల్ డోంట్ స్టే’కి ఆధారం అతని బంధువు ఒకాయన రాసిన కవిత. మద్యనిషేధం రోజులు. తండ్రి అడవిలో చెట్టు మొద్దు మీద పేకాట ఆడేవాడు. ఊళ్లో నిషేధం గురించి ఉపన్యాసాలు, డబ్బున్నవాళ్లు మాత్రం సారా కోసం ఆ అడవికే నడుచుకుంటూ వచ్చేవాళ్లు. మహా మాంద్యం నీడ ఆ అడవి మీదా పడి ఉంది. పాట నడుమ కొడుకు తండ్రిని ఒక ప్రశ్న అడుగుతాడు. ఉన్నవాళ్లు లేనివాళ్లకు పిచ్చెత్తేలా ఎందుకు చేస్తారు, ఇద్దరి ఎముకల మీదా ఒకటే తోలు, ఇద్దరి చేతుల్లోనూ ఒకటే జాడీ కదా? అమెరికా దక్షిణాది తెల్లవాళ్ల మధ్య ఉన్న వర్గభేదం గురించి ఇంత తేటగా చెప్పిన రాక్ పాటలు అరుదు. తండ్రి దగ్గర జవాబు లేదు.

జాన్ హెన్రీ కథ అమెరికాలో ప్రతి బడిపిల్లాడికీ తెలుసు. 1870ల్లో రైలు సొరంగం తవ్వుతూ, ఆవిరి యంత్రంతో పందెం కాసి, సుత్తితో దాన్ని ఓడించి, ఆ సుత్తి చేతిలో ఉండగానే ప్రాణం విడిచిన నల్లజాతి కార్మికుడు. పాత పాటలన్నీ ఆ గెలుపును కీర్తిస్తాయి. ఇస్బెల్ రాసిన ‘ద డే జాన్ హెన్రీ డైడ్’ మాత్రం గెలుపును పక్కన పెట్టి కంపెనీ లెక్క చూస్తుంది. గెలిచినా ఓడినా, బతికినా పారిపోయినా తేడా ఏమీ లేదు, ఆ పని చేసే తీరు అప్పటికే మారిపోయింది. మనుషులకిచ్చే జీతాల ఖర్చు ఎక్కువ, యంత్రం చవక. దానితో పోటీకి నిలబడగలిగినవాడు ఒక్క జాన్ హెన్రీయే, మిగతా కూలీలకు ఆ శక్తి లేదు. అందుకే పడినచోటే అతన్ని వదిలేసి వెళ్లిపోయారు. యంత్రానికి తండ్రి జ్ఞాపకం ఉండదు, తన పేరు తాను రాసుకునే అవసరమూ ఉండదు అంటుంది ఒక చరణం. పాతికేళ్లవాడు రాసిన వాక్యమది. మజిల్ షోల్స్ పరిసరాల్లో ఫ్యాక్టరీలు మూతపడుతుంటే పెరిగినవాడికే అలాంటి వాక్యం తడుతుంది. బాణీ హుషారుగా, కాలు ఆడించేలా ఉండటం వల్ల మొదటిసారి వింటే ఇది వీరగాథే అనిపిస్తుంది. రెండోసారి వింటే ఒళ్లు జలదరిస్తుంది.

‘ద శాండ్స్ ఆఫ్ ఇవో జీమా’ నెమ్మదైన పాట. హుడ్ తాతల తరం బంధువు జార్జ్ ఏ. గురించి. 1941 డిసెంబరులో సినిమా హాల్లో ఉండగా పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి వార్త విన్నాడు. పెళ్లాం పిల్లలున్నవాడు, పొలం పనులున్నవాడు, సైన్యం నుంచి మినహాయింపు దొరుకుతుందనుకున్నాడు. దొరకలేదు. పసిఫిక్ యుద్ధానికి తోలారు. దశాబ్దాల తర్వాత మనవడి వరసయ్యే పిల్లాడు ఆయన పక్కన కూర్చుని జాన్ వేన్ నటించిన 1949 నాటి యుద్ధ సినిమా చూస్తాడు. తర్వాత దాన్ని తలుచుకుని, అక్కడ అచ్చం అలాగే ఉండేదా అని అడుగుతాడు. ఆయన నవ్వి తల అడ్డంగా ఊపుతాడు. ఇవో జీమా అనే ఆ జపాన్ దీవి ఇసుకలో తనకు జాన్ వేన్ ఎక్కడా కనబడలేదంటాడు. ఈ పాటలో ఇంకో చిన్న వివరం ఉంది. కొనగలిగే స్తోమత ఉన్నా ఆయన ఎప్పుడూ కొత్త కారు నడపలేదు. కొత్తది ఇంట్లోవాళ్లకు కొని, ఎవరికీ అక్కర్లేనిది తాను తీసుకునేవాడు. చూడాల్సినవి చూశాక మెరిసే కారు మీద మోజు పోయింది. పెర్కిన్స్ కాడిలాక్ పాట అయిన వెంటనే ఈ మాట వస్తుంది. పాటల వరసను ఎంత ఆలోచించి పేర్చారో దీన్నిబట్టి తెలుస్తుంది. కార్ల మీద ఇంత మమకారమున్న ఆల్బమ్‌లో కారును వద్దనుకున్న మనిషి ఈయనొక్కడే.

ఆ తర్వాత మూడు పాటల గొలుసు ఉంది. ఆల్బమ్‌లో అన్నిటికంటే సాహసం అక్కడ కనిపిస్తుంది. టెన్నెసీలోని మెక్‌నైరీ కౌంటీకి 1964 నుంచి 1970 దాకా షెరీఫ్‌గా ఉన్న బ్యూఫర్డ్ పస్సర్ చేతిలో దుడ్డుకర్రతో సారా ముఠాల్ని తరిమికొట్టిన వీరుడిగా దేశమంతా పేరు పొందాడు. 1967లో కారు మీద జరిగిన కాల్పుల్లో అతని భార్య పౌలిన్ చనిపోయింది. 1973లో ‘వాకింగ్ టాల్’ సినిమా ఆ పేరును ఇంకా పెంచింది. హుడ్, కూలీ ఆ కథను ముఠాల వైపు నుంచి చెప్పారు. ‘ద బాయ్స్ ఫ్రమ్ అలబామా’లో ఒక ముదురు గొంతు కుర్రాడికి జాగ్రత్తలు చెబుతున్నట్టే బెదిరిస్తుంది. ‘కాటన్‌సీడ్’లో మైక్ కూలీ ఒక్క గిటార్‌తో, గొంతు పెంచకుండా, అలబామా నేలలో నాటిన పత్తి గింజలకంటే ఎక్కువమంది పోలీసుల్ని తానే పాతిపెట్టానని చెప్పుకునే మనిషి అవుతాడు. ‘ద బ్యూఫర్డ్ స్టిక్’లో సారా వ్యాపారి, సినిమా హీరో అయిపోయిన షెరీఫ్ మీద మండిపడతాడు. వీళ్లెవరూ అమాయకులు కారు. పాటలు వాళ్లను సమర్థించవు, వాళ్లకు మాట్లాడే వీలు మాత్రం ఇస్తాయి. 2025 ఆగస్టులో టెన్నెసీ అధికారులు పాత కేసు తిరగదోడి, పౌలిన్ హత్యలో పస్సర్ మీదే అభియోగం మోపడానికి సరిపడా ఆధారాలున్నాయని ప్రకటించారు. అతను 1974లోనే కారు ప్రమాదంలో పోయాడు కాబట్టి ఇక విచారణ ఉండదు. ఈ పాటలు ఆ నేరాన్ని ముందే పసిగట్టాయని కాదు. ఎవరి పేరైతే సినిమాగా మారిందో వాళ్ల వైపు కథ ఒక్కటే చాలదని మాత్రం 2004లోనే పట్టుబట్టాయి.

‘లుకౌట్ మౌంటెన్’లో పద్దు మళ్లీ బయటికొస్తుంది, అదీ భయంకరంగా. కొండ మీంచి దూకుదామా అని తలపోస్తున్న మనిషి అడిగేవి ఆత్మకు సంబంధించిన ప్రశ్నలు కావు. నా రికార్డులు ఎవరికి పోతాయి, క్యాసెట్లు ఎవరు తీసుకుంటారు, క్రెడిట్ కార్డు బిల్లులు ఎవరు కడతారు? చావు అంచున కూడా అప్పు గుర్తుండటం సామాన్యుడికే తెలిసిన సంగతి. ఇలాంటి వస్తువు చేతికొస్తే చాలామంది రచయితలు కన్నీటి వైపు మొగ్గుతారు. హుడ్ బిల్లుల వైపు మొగ్గాడు, దాంతో పాట నమ్మదగినదైంది. ‘డాడీస్ కప్’, ‘నెవర్ గొన్నా చేంజ్’ వినడానికి బాగానే ఉంటాయి గానీ మిగతావాటి లోతు వాటికి లేదు.

ఇంత ఇష్టంగా వినదగిన ఆల్బమ్‌లోనూ పెద్ద లోటు ఒకటి ఉంది. ఈ గొంతులన్నీ తెల్లజాతి మగవాళ్లవే. మేరీ ఆలిస్ బిడ్డను కంటుంది, జబ్బు పడుతుంది, చనిపోతుంది. తన తరఫున ఒక్క ముక్క మాట్లాడే చోటు ఆమెకు దక్కదు. అప్పుడు బృందంలో బాస్ గిటార్ వాయించిన షోనా టకర్ సొంత పాటలు 2008 ఆల్బమ్‌లో గానీ వినిపించలేదు. ‘డర్టీ సౌత్’ అన్న మాటే అట్లాంటా హిప్-హాప్ కుర్రాళ్ల నుంచి, 1990ల్లో గూడీ మాబ్ పాటతో వాడుకలోకి వచ్చిన మాట. ఆల్బమ్ రికార్డు చేసిన ఫేమ్ స్టూడియోకి కీర్తి తెచ్చిన గొంతుల్లో 1967లో అక్కడ పాడిన అరీథా ఫ్రాంక్లిన్‌ది ఒకటి. ఆ రోజుల్లో షోల్స్‌లో నల్లజాతి గాయకుల వెనక వాయించిన తెల్ల వాద్యకారుల్లో హుడ్ తండ్రి డేవిడ్ హుడ్ ఒకరు. ఇంత దగ్గరి చుట్టరికం ఉండి కూడా ఆల్బమ్‌లో నల్లజాతి అలబామా ఊసు లేదు. జాన్ హెన్రీ ఉన్నాడు గానీ అతని జాతి ప్రస్తావన లేదు. ఖర్చు ఎవరి ఖాతాలో పడిందని అడిగే పాటలు, అందరికంటే పొడవైన ఖాతాను తెరవలేదు. ఈ లోటును బృందం తర్వాత గుర్తించినట్టే ఉంది. 2016లో వచ్చిన ‘అమెరికన్ బ్యాండ్’ పోలీసుల తుపాకులు, నల్లజాతి యువకుల చావుల గురించి సూటిగా మాట్లాడింది.

2004 రూపంలో చోటు దక్కని పాట ఇంకొకటుంది: ఇస్బెల్ రాసిన ‘టీవీఏ’. అందులో పనిలేని కౌలు రైతు కుటుంబం, పదిమంది పిల్లలతో గుడారంలో బతుకుతుంటుంది. ఇంటి ఇల్లాలు రూజ్‌వెల్ట్‌కి ఉత్తరం రాస్తుంది. కొద్దిరోజులకు కారులో ఇద్దరు మనుషులు పొలం దగ్గరికొచ్చి నాగలి దించమంటారు. ఆ ఇంటాయన ఆనకట్ట పనిలో చేరతాడు. ఆ ఇంటి మునిమనవడు ఆ నది ఒడ్డునే చేపలు పడుతూ పెరిగి, టీవీఏకి దండం పెట్టుకుంటాడు. చంద్రుడి పాటలో టీవీఏ రేపో మాపో మూతపడబోయే మరో కంపెనీ. ఈ పాటలో అది ఒక ఇంటిల్లిపాదికి అన్నం పెట్టిన చెయ్యి. ఒకే ప్రభుత్వం, ఒకే నది, ఆ నది పక్కనే బతికిన రెండు కుటుంబాలు. ఈ పాట లేకపోవడం వల్ల 2004 ఆల్బమ్ కోపంలో ఒక పార్శ్వం తగ్గింది. ప్రభుత్వం ఒకప్పుడు ఉత్తరానికి జవాబిచ్చేదని తెలిస్తేనే, మేరీ ఆలిస్ కీమో గురించి ఎవరూ ఎందుకు రాలేదన్న ప్రశ్నకు పూర్తి బరువు వస్తుంది. 2009లో మిగిలిపోయిన పాటల సంకలనంలో ‘టీవీఏ’ బయటికొచ్చింది. 2023లో ‘ది కంప్లీట్ డర్టీ సౌత్’ పేరుతో ఆల్బమ్‌ను మళ్లీ కూర్చినప్పుడు దాన్ని లోపలికి తెచ్చారు. నిడివి పెరిగినా, కొత్తగా వినేవాళ్లు ఆ రూపంతోనే మొదలుపెట్టడం మంచిది.